కృతి వేరు, గానము వేరు: దొంగచాటు ధ్వనిముద్రణమునకు శిక్ష

శ్రీరామనవమి దినములలో బెంగుళూరు చామరాజపేటలోని ఫోర్టు హైస్కూలు ఆవరణము సంగీతమునకు నెలవగును. 1939లో స్థాపితమైన శ్రీ రామసేవా మండలి నడుపు ఈ కచేరీలలో పాడువారి మాతృభాష ఏదైనను, వినవచ్చునది తరచుగా త్యాగరాజస్వామివారి తెలుగే. ఇట్టి కచేరీని ఎవడైన అనుమతి లేక ధ్వనిముద్రణము చేసి విక్రయించినచో అది నేరమగునా? కృతి అందరిదియే గదా, దోషమెక్కడిదని అడుగువారు గలరు. సమాధానమునకు కృతిని, గానమును వేరుచేసి చూడవలయును.

మనదేశమున సాహిత్య సంగీతములపై కాపీరైటు రచయిత మరణానంతరము 60 సంవత్సరములే నిలుచును. త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందిరి. కావున వారి కృతిని ఎవరైనను పాడవచ్చును. పాడినవాని గానము మాత్రము అతనిదే. 1957 నాటి కాపీరైటు చట్టమున గాయకునికి ఈ రక్షణ లేకుండెను. 1994 సవరణము 38వ సెక్షను ద్వారా ప్రదర్శకునికి ప్రత్యేక హక్కు నొసగెను. తొలుత 25 సంవత్సరములుగా నున్న దాని గడువు 1999లో 50కి పెరిగెను. ప్రదర్శకుడనగా గాయకుడే కాదు. నటుడు, నర్తకుడు, ఉపన్యాసకుడు, గారడీవాడు, పాములవాడు సైతము. మన హరిదాసును, అవధానియు ఇందే చేరుదురు.

ఈ హక్కును తెలిసి భంగపరచుట 63వ సెక్షను క్రింద నేరము. 1984కు పూర్వము ఒక సంవత్సరము వరకు ఖైదు, లేదా జరిమానా మాత్రమే యుండెను; కనీస శిక్ష లేదు. నాటి సవరణముతో ఖైదు ఆరు నెలలకు తగ్గక మూడేండ్ల వరకు, జరిమానా 50,000 రూపాయలకు తగ్గక రెండు లక్షల వరకు నిర్ణయింపబడెను. రెండవసారి నేరము రుజువైనచో కనీస ఖైదు ఒక సంవత్సరము, కనీస జరిమానా లక్ష రూపాయలు. సబ్ ఇన్‌స్పెక్టరు వారంటు లేకయే ప్రతులను స్వాధీనము చేసికొనవచ్చును. ఇది బెయిలు హక్కుగా లభింపని నేరమని సుప్రీంకోర్టు 2022లో తీర్పుచెప్పినది.

అయినను చట్టము శ్రోతను శత్రువుగా చూడలేదు. 39వ సెక్షను ప్రకారము సొంత వినికిడికిగాని, కేవలము బోధన పరిశోధనలకుగాని ముద్రించుకొనుట హక్కుభంగము కాదు. గురువు పాఠమును మరల విని సాధన చేయు శిష్యుడు నిర్భయముగా నుండవచ్చును. లాభాపేక్ష లేని భంగమునకు న్యాయస్థానము కారణములు వ్రాసి శిక్ష తగ్గింపవచ్చును.

కర్ణాటకమున మరియొక ఆయుధము గలదు. 1985 నాటి గూండా చట్టమునకు 2014లో జరిగిన సవరణము దృశ్య శ్రవ్య చౌర్యము చేయువారిని అందు చేర్చెను. దానిక్రింద విచారణ లేకయే ఒక సంవత్సరము వరకు నిర్బంధింపవచ్చును. ఇది ముందుజాగ్రత్త నిర్బంధమేగాని నేరము రుజువైన పిదప విధించు శిక్ష కాదు. వీధిలో నాలుగు ప్రతులమ్ము బీదవానిని, వేలకొలది ప్రతులు తీయు వ్యాపారిని ఒకే త్రాట గట్టిన అన్యాయమగును. కావున దీని వినియోగమున మిక్కిలి వివేకము అవసరము.

సభలు నడుపు సంఘములు కళాకారుని వ్రాతపూర్వక అనుమతిని ముందే పొంది, ముద్రణము దేనికో, ప్రతులు ఎవరికో అందు స్పష్టపరచుట మేలు. త్యాగరాజస్వామి కృతి లోకమునకు ఉచితముగా దక్కినది; దానిని పాడి బ్రదుకువాని కూడు మాత్రము ఉచితము కాదు.