భూమికి మిగులునది యెంత?

స్థలముల ధర మండిపోవుటచేతనే ఇండ్ల ధరలు పెరుగుచున్నవని మనలో అనేకులు నమ్ముదురు. బిల్డరు నడిగినను ఆ మాటయే చెప్పును. ఇంగ్లండులోని రీడింగు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములందు స్థిరాస్తి విద్యను, భూమికి సంబంధించిన ఆర్థికశాస్త్రమును అభ్యసింప జేరిన విద్యార్థి మొట్టమొదట విడువవలసిన నమ్మకము ఇదియే. కౌలు హెచ్చుటచే ధాన్యము ప్రియమగుట లేదనియు, ధాన్యము ప్రియమగుటచేతనే కౌలు హెచ్చుచున్నదనియు 1817లో ఆర్థికశాస్త్రవేత్త డేవిడ్ రికార్డో వాదించెను. పొలముల నుద్దేశించిన ఆ తర్కమే పట్టణములలోని ఖాళీస్థలములకును వర్తించి, నేటి పాఠ్యక్రమమునకు మూలాధారమైనది.

దీనిని ఒక లెక్కలో చూతము. ఒక స్థలమున కట్టబోవు ఇండ్లన్నియు అమ్మినచో కోటి పౌండ్లు వచ్చుననుకొందము. నిర్మాణమునకును, ఆర్కిటెక్టు మొదలగువారి రుసుములకును, అప్పుపై వడ్డీకిని కలిపి 68 లక్షలు. అమ్మకపు మొత్తముపై నూటికి 20 చొప్పున డెవలపరు లాభము 20 లక్షలు. ఇవి పోగా నిలిచిన 12 లక్షలే ఆ భూమికి ఈయదగిన గరిష్ఠ మూల్యము. (భూమి కొనుగోలుకై తెచ్చిన అప్పుపై వడ్డీని సౌకర్యార్థము విడిచితిని.) ఇండ్ల ధర పదవవంతు తగ్గినచో, వచ్చు 90 లక్షలలో ఖర్చులకు 68, లాభమునకు 18 పోగా భూమికి మిగులునది 4 లక్షలు మాత్రమే. ధర పదింట ఒకవంతు జారగా భూమి విలువ మూడింట రెండువంతులు హరించిపోయినది! ధరలు ఉచ్చస్థితిలో నున్నప్పుడు పోటీపడి స్థలములు కొన్నవారు, కాలము తిరుగగానే ఏల కూలుదురో ఈ నాలుగు అంకెలు చెప్పును.

అయితే లెక్క వచ్చినంత మాత్రమున విద్య ముగియదు. అనుమతి లేని భూమి బ్రిటనులో ఉత్త పొలమే. 1947 నాటి నగర, గ్రామ ప్రణాళికా చట్టము, తన భూమిలోనైనను ప్రభుత్వానుమతి లేక కట్టు హక్కును యజమానికి లేకుండ జేసి, అనుమతిచే పెరిగిన విలువను పూర్తిగా సుంకము రూపమున గైకొనదలచినది. ఆశయము ఉదాత్తమే, కాని పెరిగిన విలువలో తనకు కాసైనను దక్కనప్పుడు యజమాని భూమి నమ్ముట కేల ముందుకు వచ్చును? 1953లో ఆ సుంకము రద్దయ్యెను, అనుమతి విధానము మాత్రము నిలిచెను. అందుచేతనే ఈ విద్యార్థికి ఆర్థికశాస్త్రముతోపాటు న్యాయశాస్త్రమును తప్పనిసరి యైనది.

మనకును ఇది పరాయి విద్య కాదు. హైదరాబాదులో స్థలయజమాని, బిల్డరు డెవలప్‌మెంట్ అగ్రిమెంటు వ్రాసికొని ఫ్లాట్లు పంచుకొనునప్పుడు చేయు బేరము, పైన చూపిన లెక్కను డబ్బులో గాక ఫ్లాట్లలో తేల్చుటయే. అమరావతి భూసమీకరణములో ఎకరము మెట్టభూమి నిచ్చిన రైతుకు 1000 చదరపు గజముల నివాసస్థలమును, 250 గజముల వాణిజ్యస్థలమును ఈయ నిశ్చయించుటలోనున్నదియు ఆ విభజన ప్రశ్నయే. కొనుగోలుదారులు చెల్లించిన సొమ్ములో నూటికి 70 వంతులు ప్రత్యేక ఖాతాలో నుంచవలెనన్న 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ (రెరా) చట్టము, ఒక వెంచరు సొమ్ము మరొక వెంచరు భూమికి తరలిపోకుండ కట్టిన గట్టు.

బ్రిటనులో వివాదము నేడు మరొకచోట నున్నది. అల్పాదాయవర్గములకు కొన్ని ఇండ్లు కేటాయింపుమని పురపాలకులు కోరగా, భూమికి ఇంత పోసితిమి, ఇక గిట్టుబాటు కాదని డెవలపర్లు వాదించుట పరిపాటి యైనది. ఇంగ్లండునకు 2018లో వెలువడిన ప్రభుత్వ మార్గదర్శకములు ఆ వాదమును తోసిపుచ్చి, స్థలమునకు చెల్లించిన ధర యే పరిస్థితిలోను ప్రణాళికా నియమములను తప్పించుకొనుటకు సాకు కారాదనెను. డెవలపరు లాభమును మాత్రము అమ్మకపు విలువలో నూటికి 15 మొదలు 20 వరకు సమంజసముగా నెంచెను. రికార్డో మాట ప్రభుత్వపు కాగితము మీది కెక్కుటకు రెండువందల యేండ్లు పట్టినది.