బకెట్ ఊతంతో లారీ ఎక్కే ప్రొక్లెయిన్ వీడియో చూశారా? ర్యాంప్ దగ్గర అసలు డేంజర్ ఎక్కడంటే..

ఫోన్‌లో రీల్స్ తిప్పుతుంటే ఈ వీడియో ఒక్కసారైనా మీ కంట పడే ఉంటుంది. ర్యాంప్ లేదు, ఏమీ లేదు. ఆపరేటర్ బకెట్‌ను లారీ బాడీపై ఆనించి, ప్రొక్లెయిన్ ముందు భాగాన్ని గాల్లోకి లేపి చైన్లు పైకి ఎక్కిస్తాడు. ఆ తర్వాత బూమ్ వెనక్కి తిప్పి, బకెట్‌తో నేలను నొక్కి మిగతా సగం కూడా ఎక్కించేస్తాడు. కింద కామెంట్లలో ఒకటే చప్పట్లు.

నిజమే, అది చెయ్యి తిరిగిన ఆపరేటర్ తప్ప చేయలేని పని. కానీ తయారీ కంపెనీల మాన్యువళ్లు చేయొద్దని చెప్పే పని కూడా అదే. ఆ కొద్ది సెకన్లు మిషన్ బరువంతా బకెట్ మీద, చైన్ అంచు మీద నిలబడుతుంది. లారీ కాస్త కదిలినా, బకెట్ కాస్త జారినా మిషన్ పక్కకు పడిపోతుంది. మరి ర్యాంప్ ఉంటే ఇక భయం లేదా? ఉంది. సరిగా వాడకపోతే ర్యాంప్ కూడా ప్రాణాల మీదకు తెస్తుంది. అదెలాగో చూద్దాం.

ఎంత వాలు ఉండాలి?

ప్రొక్లెయిన్ మాన్యువళ్లలో సాధారణంగా కనిపించే లెక్క 15 డిగ్రీలు. ర్యాంప్ వాలు అంతకు మించకూడదు. సైట్‌లో డిగ్రీలు ఎవరు కొలుస్తారు అంటారా? దానికో సులువైన లెక్క ఉంది. ట్రైలర్ వెనక అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, ర్యాంప్ దానికి నాలుగు రెట్లు పొడవుండాలి. ఎత్తు 90 సెంటీమీటర్లయితే ర్యాంప్ సుమారు మూడున్నర మీటర్లు, ఎత్తు మీటరైతే ర్యాంప్ నాలుగు మీటర్లు.

పొట్టి ర్యాంప్ వాడితే ఏమవుతుంది? 20 టన్నుల ప్రొక్లెయిన్ 15 డిగ్రీల వాలు మీద ఉంటే, దాన్ని కిందికి లాగే బలం సుమారు 5 టన్నులు. అదే వాలు 25 డిగ్రీలైతే ఎనిమిదిన్నర టన్నుల దాకా వెళ్తుంది. పైగా ఇనుప చైన్, ఇనుప ర్యాంప్. రెండిటి మధ్య పట్టు తక్కువ. వాన పడినా, బురద అంటినా, ఆయిల్ కారినా ఆ కాస్త పట్టు కూడా పోతుంది. అందుకే చాలామంది ర్యాంప్ మీద చెక్కలు బిగిస్తారు. అది మంచి అలవాటే, కాకపోతే ఆ చెక్కలు గట్టిగా బిగించి ఉండాలి. ఊరికే పరిచి వదిలేస్తే చైన్ కింద నుంచి ఎగిరి వస్తాయి.

అసలు గండం ర్యాంప్ పై అంచు దగ్గరే

మిషన్ ర్యాంప్ ఎక్కుతున్నంతసేపూ ముక్కు ఆకాశం వైపు ఉంటుంది. బరువు మధ్య భాగం ట్రైలర్ అంచు దాటగానే ముక్కు ఒక్కసారిగా కిందికి వాలుతుంది. ఆ క్షణంలో వేగంగా ఉంటే మిషన్ ట్రైలర్ మీద దబ్బున పడుతుంది. అందుకే అంచు దగ్గర దాదాపు ఆగినంత నెమ్మదిగా వెళ్లాలి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. మిషన్ బరువు ముందుగా పడేది ట్రైలర్ చక్రాల వెనకున్న తోక భాగం మీద. ఉయ్యాల బల్లలాగా వెనక కిందికి దిగితే ముందు పైకి లేస్తుంది. ట్రైలర్ ముందు భాగం కూర్చునేది లాగే బండి వెనక చక్రాల మీదే. ఆ చక్రాల మీద భారం తగ్గితే రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. హ్యాండ్ బ్రేక్ వేసి ఉన్నా బండి ముందుకు జారే ప్రమాదం ఉంటుంది. బండి జారితే ర్యాంప్ కూడా కదులుతుంది, దాని మీదున్న మిషన్ సంగతి చెప్పక్కర్లేదు.

దీనికి పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. ట్రైలర్ తోక కింద జాకీలు దించాలి. అవి లేకపోతే గట్టి చెక్క దిమ్మెలు పేర్చాలి. బండికి, ట్రైలర్‌కు రెండిటికీ బ్రేకులు వేసి, టైర్లకు ముందూ వెనకా అడ్డు పెట్టాలి.

చోటు చూసి ఆపాలి

నల్లరేగడి నేల మీద, కొత్తగా పోసిన మట్టి మీద ర్యాంప్ దించితే ఒక వైపు కాలు దిగబడుతుంది. మిషన్ మధ్యలో ఉండగా ఒక ర్యాంప్ నాలుగు అంగుళాలు దిగినా మిషన్ ఆ పక్కకు ఒరుగుతుంది. గట్టి, సమతలంగా ఉన్న చోటే ఎంచుకోవాలి. పొలాల దగ్గరైతే తలెత్తి కరెంటు తీగలు కూడా చూడాలి. నేల మీద తగలని తీగ, మిషన్ ట్రైలర్ ఎక్కాక బూమ్‌కు తగలొచ్చు.

రెండు ర్యాంపుల మధ్య దూరం మిషన్ చైన్లకు, టైర్లకు సరిపోవాలి. ర్యాంప్ ఎక్కాక స్టీరింగ్ తిప్పకూడదు. వంకరగా వస్తున్నట్టు అనిపిస్తే నెమ్మదిగా కిందికి దిగి, నేల మీద సరిచేసుకుని మళ్లీ రావాలి.

ఏ వైపు నుంచి ఎక్కించాలి అన్నది మిషన్‌ను బట్టి మారుతుంది. మామూలుగా బరువెక్కువ ఉన్న వైపు ఎత్తు వైపు ఉండాలి. ట్రాక్టర్‌నే తీసుకోండి. బరువంతా వెనకే ఉంటుంది కాబట్టి ముందుకు నడుపుతూ నిటారు వాలు ఎక్కిస్తే ముందు చక్రాలు లేచే ప్రమాదం ఉంది. రివర్స్‌లో ఎక్కించి, దించేటప్పుడు ముందుకు రావడం మేలు. జేసీబీ, ప్రొక్లెయిన్, వరికోత మిషన్ల విషయంలో వాటి మాన్యువల్‌లో ఏముంటే అదే పాటించాలి.

ర్యాంప్‌ను రోజూ ఏం చూడాలి?

బయల్దేరే ముందు ఐదు నిమిషాలు చాలు. ముందుగా బురద, గ్రీజు, రాళ్లు శుభ్రం చేయాలి. బురద కింద ఏం పగిలిందో కనిపించదు. తర్వాత ర్యాంప్ ట్రైలర్‌కు తగులుకునే చోట పిన్నులు, వాటి లాకులు చూడాలి. పిన్ను అరిగి వదులైతే మార్చేయాలి. దాని స్థానంలో దొరికిన బోల్టో, కడ్డీ ముక్కో దూర్చి పని కానిచ్చేయడం చాలా ప్రమాదం.

వెల్డింగ్ అతుకుల దగ్గర పెయింట్ సన్నగా చిట్లి, ఆ గీత వెంట తుప్పు రంగు కనిపిస్తే లోపల పగులు మొదలైందని అనుమానించాలి. దాని మీద మళ్లీ పెయింట్ కొడితే పగులు దాక్కుంటుందే తప్ప అతుక్కోదు. ఒకసారి వంగిన ర్యాంప్‌ను కొట్టి నిటారు చేసినా పాత బలం రాదు. పట్టు కోసం ర్యాంప్ మీద అడ్డంగా వేసిన పట్టీలు అరిగిపోతే మళ్లీ వేయించాలి.

హైడ్రాలిక్ ర్యాంపులైతే సిలిండర్, పైపుల దగ్గర ఆయిల్ కారుతోందేమో చూడాలి. చేత్తో తడిమి మాత్రం వెతకొద్దు. సూది మొనంత రంధ్రం నుంచి ప్రెషర్‌తో వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్లిపోతుంది. అట్ట ముక్క అడ్డు పెట్టి చూడాలి. అలా ఆయిల్ లోపలికి వెళ్తే పైకి చిన్న గాయంలాగే కనిపిస్తుంది, కానీ వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. స్ప్రింగ్ ర్యాంపులైతే వాటి స్ప్రింగులను సొంతంగా విప్పే ప్రయత్నం చేయొద్దు. రోడ్డెక్కే ముందు నిలబెట్టిన ర్యాంపులకు లాకు, దాంతో పాటు గొలుసు కూడా వేశారో లేదో చూసుకోవాలి.

వెనక నిలబడేది ఎవరు?

ఇన్ని జాగ్రత్తలున్నా మన దగ్గర ఎప్పుడూ కనిపించే సీన్ ఒకటుంది. మిషన్ ర్యాంప్ ఎక్కుతుంటుంది. సరిగ్గా దాని వెనకో, ర్యాంపుల మధ్యనో క్లీనర్ నిలబడి 'రానీ.. రానీ..' అంటూ చెయ్యి ఊపుతుంటాడు. చీకట్లో అయితే సెల్‌ఫోన్ లైటు కొడుతూ. మిషన్ జారితే తప్పించుకోవడానికి అతనికి టైమ్ ఉండదు. ర్యాంప్ దించేటప్పుడు కూడా అంతే, దాని కిందకి ఎవరూ వెళ్లకూడదు. సైగలు చేసేది ఒక్కరే ఉండాలి, ఆపరేటర్‌కు కనిపించేలా పక్కగా, దూరంగా ఉండాలి. అతను కనిపించకపోతే ఆపరేటర్ మిషన్ ఆపేయాలి.

వీడియో తీసేవాళ్లకు కూడా ఓ మాట. 20 టన్నుల ప్రొక్లెయిన్ బూమ్ పూర్తిగా చాపితే దాదాపు 10 మీటర్లు వస్తుంది. అంతకంటే దూరంలో, ర్యాంప్‌కు ఎదురుగా కాకుండా పక్కకు ఉండి జూమ్ చేసుకోండి. ర్యాంప్ వెనక క్లీనర్ కనిపిస్తే రికార్డింగ్ తర్వాత, ముందు 'పక్కకు రా తమ్ముడూ' అని గట్టిగా ఒక కేక వేయండి.