హైబ్రిడ్ అని రాసుంటే సరిపోతుందా? గెడ్డ దాటేవాళ్ళు, ఘాట్ దిగేవాళ్ళు చూసుకోవాల్సినవి

ఇవాళ్టి ఎపిసోడ్ మా చిన్న మామయ్య పుణ్యం. ఆయనది పలాస దగ్గర జీడిపప్పు వ్యాపారం, ఊరవతల తోటలు కూడా ఉన్నాయి. మొన్న రాత్రి పది దాటాక ఫోన్ చేసి, "ఏట్రా అల్లుడూ, ఉజ్జోగం మానేసి కార్ల వీడియోలు చేస్తన్నావు గదా, ఈ ఐబ్రీడంటే ఏటో నాకు సరిగ్గా సెప్పు. కరెంటు బండే గదేటి? గెడ్డలో దిగితే సాక్ కొట్టదా?" అన్నాడు.

నవ్వకండి. ఈ ప్రశ్న కామెంట్లలో మీరు కూడా చాలాసార్లు అడిగారు. పైగా ఆయన భయానికి కారణం ఉంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది కదా. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు ఎలా పడిపోయాయో మీలో చాలామందికి కళ్ళారా చూసిన జ్ఞాపకం. ఆ మర్నాడు తోట ఏమైందో చూద్దామని మామయ్య పాత బండి వేసుకుని బయల్దేరాడు. దారిలో కల్వర్టు మీద నీళ్ళు. "మోకాలు లోతే గదా" అని దింపాడు. బండి మధ్యలో ఆగిపోయింది. ఆయన, డ్రైవరు తాడు పట్టుకుని బయటపడ్డారు. బండి ఇంజిన్ మొత్తం విప్పాల్సొచ్చింది.

ఇప్పుడు ఆయన పెద్ద బండి కొంటున్నాడు. రెండు చూశాడు: ఒకటి ఫార్చ్యూనర్ నియో డ్రైవ్, రెండోది డిఫెండర్ 110 డీజిల్. రెండిటికీ మధ్య ధరలో ఇంకో ఇల్లు కట్టుకోవచ్చు, అది వేరే విషయం. ఒక షోరూమ్‌లో, ఏ బ్రాండో చెప్పను, కుర్రాడు ఆయనతో "సర్, ఇది హైబ్రిడ్, ఊళ్ళో తిరిగేటప్పుడు బ్యాటరీ మీదే వెళ్ళిపోద్ది" అన్నాడట. అది తప్పు. ఎందుకు తప్పో చెప్తాను.

హైబ్రిడ్ అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు మెషీన్లు అమ్ముతున్నారు.

మొదటిది మైల్డ్ హైబ్రిడ్. మామయ్య చూసిన రెండు బండ్లూ ఇవే. మామూలు డీజిల్ ఇంజిన్‌కి బెల్టుతో ఒక చిన్న మోటారు, ఒక 48 వోల్టుల బ్యాటరీ తగిలిస్తారు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగి మళ్ళీ కుదుపు లేకుండా స్టార్ట్ అవుతుంది, బండి కదిలేటప్పుడు కాస్త తోపు ఇస్తుంది. అంతే. మోటారు ఒక్కటే చక్రాలు తిప్పి బండిని నడపలేదు. జూన్ 2025లో వచ్చిన ఫార్చ్యూనర్ నియో డ్రైవ్‌లో ఉన్నది ఇదే పద్ధతి. యూరప్‌లో హైలక్స్‌కి పెట్టిన టొయోటా 48 వోల్టుల సిస్టమ్ లెక్కలు చూస్తే, మోటారు 12 కిలోవాట్లు, బ్యాటరీ 4.3 ఆంపియర్ అవర్లు. 48తో గుణించండి. మన కరెంటు బిల్లు భాషలో 0.2 యూనిట్. ఇంట్లో 75 వాట్ల ఫ్యాను మూడు గంటలు కూడా తిరగదు. రెండు టన్నుల బండి ఊళ్ళో తిరుగుతుందా చెప్పండి?

రెండోది ఫుల్ హైబ్రిడ్. ఇక్కడ మోటారు పెద్దది, బ్యాటరీ కూడా కాస్త పెద్దది, నెమ్మదిగా వెళ్ళేటప్పుడు కొంచెం దూరం ఇంజిన్ లేకుండా నడుస్తుంది. అమెరికాలో 2024 మోడల్‌గా వచ్చిన ల్యాండ్ క్రూయిజర్‌లో 2.4 లీటర్ల టర్బో పెట్రోల్‌తో పాటు 1.87 యూనిట్ల బ్యాటరీ ఉంది. మూడోది ప్లగ్-ఇన్. ప్లగ్ పెట్టి చార్జ్ చేసుకోవచ్చు. డిఫెండర్‌లో 2020లో ప్రకటించిన పి400ఈ ఇలాంటిదే: 2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, 105 కిలోవాట్ల మోటారు, 19.2 యూనిట్ల బ్యాటరీ, రెండూ కలిపి 404 పీఎస్, కాగితం మీద 43 కిలోమీటర్లు కరెంటు మీదే.

0.2, 1.87, 19.2. ఈ మూడు నంబర్లు గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ఇప్పుడు అరకు ఘాట్ దిగబోతున్నాం.

మనవాళ్ళకి ఇష్టమైన డైలాగ్ ఒకటుంది: "ఘాట్ దిగేటప్పుడు బ్యాటరీ ఫుల్ అయిపోద్ది బ్రో, ఫ్రీ కరెంట్." బీటెక్ ఫస్టియర్ ఫిజిక్స్ బయటికి తీద్దాం. అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడి నుంచి ఎస్.కోట దాకా మొత్తమ్మీద 800 మీటర్లు దిగుతున్నాం అనుకుందాం. బండి బరువు రెండున్నర టన్నులు. బరువు, ఎత్తు, 9.8 గుణిస్తే దాదాపు 1.96 కోట్ల జౌళ్ళు. యూనిట్లలో ఐదున్నరకి కాస్త తక్కువ. టైర్ల రాపిడికి, గాలికి అందులో సగం పోయిందనుకున్నా రెండున్నర యూనిట్లు మిగులుతాయి. ఈ శక్తి ఎక్కడికో పోవాలి. 19.2 యూనిట్ల బ్యాటరీలో చోటుంటే హాయిగా పడుతుంది. 1.87 బ్యాటరీ మధ్యలోనే నిండిపోతుంది. 0.2 బ్యాటరీ అయితే అనంతగిరి రాకముందే చేతులెత్తేస్తుంది. మిగతాదంతా మీ బ్రేకులు వేడి రూపంలో తినాలి, లేదా ఇంజిన్ ఆపాలి.

అందుకని హైబ్రిడ్ ఉన్నా సరే, అరకు అయినా, సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ వెళ్ళే ఘాట్ అయినా, దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజిన్ బ్రేకింగ్ వాడాలి. లారీ డ్రైవర్లు ఎప్పట్నుంచో చేస్తున్న పనే. బ్యాటరీ నిండాక రీజెన్ బలం తగ్గిపోతుంది, అప్పటిదాకా అలవాటైన పట్టు హఠాత్తుగా తగ్గితే మలుపులో గుండె జారుతుంది.

సరే, మామయ్య అసలు ప్రశ్న: నీళ్ళలో షాక్ కొడుతుందా? 48 వోల్టుల బండిలో ఆ భయమే అనవసరం. పెద్ద బ్యాటరీ బండ్లలో హై వోల్టేజ్ తీగలు నారింజ రంగు తొడుగుతో, బాడీకి తగలకుండా విడిగా ఉంటాయి. ఎక్కడైనా లీకేజీ కనిపిస్తే సిస్టమ్ తనంతట తనే సప్లై కట్ చేస్తుంది. ఒక ఉదాహరణ చెప్తాను. మెర్సిడెస్ జీ-క్లాస్‌లో పూర్తి కరెంటు బండి, జీ 580, జనవరి 2025లో ఇండియాలో వచ్చింది, అప్పటి ధర 3 కోట్లు. అది 850 మిల్లీమీటర్ల నీళ్ళలో వెళ్ళగలదు. ఇంజిన్ ఉన్న జీ-క్లాస్ కన్నా 150 ఎక్కువ. ఎందుకంటే దానికి గాలి పీల్చే ముక్కు లేదు. మామయ్య పాత బండిని చంపింది కరెంటు కాదు, ఆ ముక్కే. గాలి పీల్చే గొట్టంలోకి నీళ్ళు వెళ్ళాయి, సిలిండర్‌లో చేరాయి. గాలిని నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. పిస్టన్ ఆగింది, కనెక్టింగ్ రాడ్డు వంగింది.

ఇక్కడే ట్రిమ్ సంగతి వస్తుంది. ఒకే డిఫెండర్ 110కి, కాయిల్ స్ప్రింగులు ఉంటే 850 మిల్లీమీటర్లు, ఎయిర్ సస్పెన్షన్ ఉంటే 900. ఎయిర్ ఉంటే ఆఫ్-రోడ్ ఎత్తులో గ్రౌండ్ క్లియరెన్స్ 291 మిల్లీమీటర్లు. బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో ఉండేది ఎప్పుడూ పెద్ద నంబరే, మీరు కొన్న ట్రిమ్‌ది అవ్వాలని లేదు. వేడ్ మోడ్ పెడితే బండి తనే పైకి లేస్తుంది, యాక్సిలరేటర్ మెత్తబడుతుంది, ఏసీ బయటి గాలి తీసుకోవడం ఆపేస్తుంది, ఒడ్డుకి వచ్చాక బ్రేకుల్ని కాస్త ఒరిపించి ఆరబెడుతుంది. డీటెయిలింగ్ బాగుంది, ఒప్పుకోవాలి.

కానీ ఒక్క నిమిషం, ఈ ముక్క స్కిప్ చేయకండి. ఆ 900 నిలవ నీటి లెక్క. పారే నీటి లెక్క వేరు. అమెరికా వాతావరణ శాఖ జనానికి చెప్పే హెచ్చరిక ఏంటంటే, అడుగు లోతు పారే నీరు చాలా కార్లను కదిలిస్తుంది, రెండడుగులు ఉంటే ఎస్‌యూవీలు, పికప్‌లతో సహా చాలా బండ్లను కొట్టుకుపోతుంది. రెండడుగులంటే 600 మిల్లీమీటర్లు. మీ రెండు కోట్ల బండి 900 అని రాసుకున్నా సరే. పెద్ద టైర్లు, మూసిన బాడీ, తేలడానికే అనువు. కొండ మీద వాన పడితే సీతంపేట వైపు గెడ్డలు ఎంత తొందరగా పొంగుతాయో అక్కడివాళ్ళని అడగండి. కింద కల్వర్టు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి కనపడదు. మామయ్యకి ఇది రెండుసార్లు చెప్పాను. "సర్లేరా" అన్నాడు. ఆ "సర్లేరా" నాకు నచ్చలేదు, మూడోసారి కూడా చెప్పాను.

ట్రిమ్‌లో ఇంకో మాయ ఉంది. పైకి వెళ్ళేకొద్దీ బండి ఆఫ్-రోడ్‌కి బాగుంటుందని అనుకుంటాం. చాలాసార్లు రివర్స్. టాప్ ట్రిమ్‌లో 20, 22 అంగుళాల చక్రాలు, సన్న టైర్లు వస్తాయి. ఇసుకలో గాలి తీసి నడపాలంటే టైరుకి పక్క గోడ ఎత్తుండాలి; బారువ బీచ్ ఇసుకలో 22 అంగుళాల చక్రం కూరుకుపోయి కూర్చుంటుంది. లెక్సస్ వాళ్ళు ఇది బాగానే అర్థం చేసుకున్నారు: ఎల్ఎక్స్ 500డీలో 2025లో ఓవర్‌ట్రైల్ అని విడిగా ఒక ట్రిమ్ ఇచ్చారు, అప్పటి ధర 3.12 కోట్లు, అందులో 18 అంగుళాల చక్రాలు, ముందూ వెనకా డిఫరెన్షియల్ లాకులు. ఒక చక్రం గాల్లో లేస్తే పవరంతా వృథాగా అక్కడికే పోకుండా ఆపేవి ఈ లాకులే. కొనేటప్పుడు గాజు పైకప్పు, స్పీకర్లు, మసాజ్ సీటు తర్వాత అడగండి. ముందు లో రేంజ్, వెనక డిఫ్ లాక్, చక్రం సైజు, స్పేర్ టైరు పూర్తి సైజుదేనా అని అడగండి.

మరి ప్లగ్-ఇన్ కొంటే అన్నీ తీరిపోతాయా? పి400ఈలో బ్యాటరీ వెనక డిక్కీ కింద కూర్చుంటుంది, అందుకని మూడో వరస సీట్లు రావు. మన పెళ్ళిళ్ళకి వెళ్ళే బండి కాదన్నమాట. తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేకపోతే ఆ బ్యాటరీ బరువంతా మోసుకుంటూ పెట్రోల్ మీదే తిరగాలి. నాకు ఇంజినీరుగా నచ్చింది లెక్సస్ ఎల్ఎక్స్ 700హెచ్ డిజైన్. అది 2024 అక్టోబర్‌లో ప్రకటించిన ఫుల్ హైబ్రిడ్. హైబ్రిడ్ బండ్లలో మామూలుగా ఆల్టర్నేటర్, స్టార్టర్ మోటారు తీసేస్తారు, పెద్ద మోటారు ఆ పని చేస్తుంది కాబట్టి. వీళ్ళు రెండూ ఉంచేశారు. హైబ్రిడ్ సిస్టమ్ ఆగిపోయినా ఒట్టి ఇంజిన్‌తో స్టార్ట్ చేసి ఇంటికి రావచ్చు. బ్యాటరీని నీరు చొరని ట్రేలో పెట్టి, 700 మిల్లీమీటర్ల వేడింగ్ తగ్గకుండా చూశారు. సాఫ్ట్‌వేర్‌లో మేము ఫాల్‌బ్యాక్ అంటాం. నా పాత ఉద్యోగంలో సర్వర్ పడిపోయినప్పుడల్లా దీని విలువ తెలిసేది.

పన్ను గురించి ఒక్క ముక్క. 22 సెప్టెంబర్ 2025 నుంచి ఇంత పెద్ద ఎస్‌యూవీలన్నిటికీ జీఎస్టీ 40 శాతం, హైబ్రిడ్ అయినా కాకపోయినా. 5 శాతం పూర్తి కరెంటు బండికే. కాబట్టి హైబ్రిడ్ అని పన్ను కలిసొస్తుందని ఎవరైనా అంటే పాత రేట్లు చెప్తున్నారని అర్థం.

నిన్న మామయ్య మళ్ళీ షోరూమ్‌కి వెళ్ళి ఆ కుర్రాణ్ణి మూడే అడిగాడట: బ్యాటరీ ఎన్ని యూనిట్లు, ఈ ట్రిమ్‌కి నీటి లోతు ఎంత, హైబ్రిడ్ పాడైతే బండి ఇంటికొస్తాదా. కుర్రాడు మొదటిదానికి ఫోన్ తీసి వెతికాడు, మూడోదానికి మేనేజర్ని పిలిచాడు. మేనేజరు సర్వీస్ వాళ్ళని కనుక్కుని చెప్తానన్నాడు. ఆ ఫోన్ ఇంకా రాలేదు, అడ్వాన్సు ఇంకా మామయ్య జేబులోనే ఉంది.