వేగం చెప్పే గొట్టం మూసుకుపోతే

1996 ఫిబ్రవరి 6, రాత్రి 11:42. డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్యూర్టో ప్లాటా నుంచి టర్కీ సంస్థ బిర్గెన్‌ఎయిర్ వారి బోయింగ్ 757 జర్మనీకి బయలుదేరింది. సెలవులు ముగించుకుని ఇళ్లకు మళ్లిన జర్మన్లే అందులో ఎక్కువ. ఐదు నిమిషాలకే అది అట్లాంటిక్‌లో కూలింది. 189 మందిలో ఒక్కరూ దక్కలేదు. ఇంజన్లలో లోపం లేదు. అనుమానమంతా ఒక కందిరీగ మీద!

విమానం ముక్కు పక్కన చిన్న గొట్టాలు ముందుకు తిరిగి ఉంటాయి. వీటిని పిటో గొట్టాలంటారు. రైలు కిటికీలోంచి అరచెయ్యి బయటపెడితే గాలి వెనక్కి నెడుతుంది కదా. రైలు జోరందుకునేకొద్దీ ఆ నెట్టుడూ పెరుగుతుంది. పిటో గొట్టం కొలిచేది దాన్నే. కాకపోతే అందులో చుట్టూ ఉన్న గాలి పీడనమూ కలిసి ఉంటుంది. ఆ పీడనాన్ని విమానం ఒంటిమీది వేరే రంధ్రాలు కొలుస్తాయి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే వేగం తేలుతుంది.

గొట్టం మూతి మట్టితో పూడిపోయిందనుకోండి. రన్‌వే మీద ఎంత పరుగెత్తినా ముల్లు కదలదు. ఆ రాత్రి కెప్టెన్ మీటరు పనిచేయడం లేదని పరుగులోనే తెలిసింది. అక్కడే ఆపేయాల్సింది. కోపైలట్ మీటరు ఉందన్న ధీమాతో ఆయన ఆగలేదు.

అసలు చిక్కు గాల్లోకి లేచాక మొదలైంది. పైకి పోయేకొద్దీ బయటి పీడనం తగ్గుతుంది. గొట్టంలో చిక్కిన గాలి మాత్రం నేలమీది పీడనంతోనే ఉంటుంది. ఈ తేడా పెరుగుతుంటే మీటరు దాన్ని వేగమనుకుంటుంది. పనిచేయని మీటరు కదలకుండా ఉంటే ఎవరూ నమ్మరు. ఇది కదిలింది, అదే ప్రమాదం. 4,700 అడుగుల దగ్గర కెప్టెన్ మీటరు 350 నాట్లు చూపిస్తుంటే, కోపైలట్‌ది 200 చూపిస్తోంది, అదీ తగ్గుతూ. ఆటోపైలట్ కెప్టెన్ లెక్కనే నమ్మి, వేగం తగ్గించడానికి ముక్కు పైకెత్తింది. అతివేగమంటూ ఒక హెచ్చరిక మోగింది. వేగం చాలక విమానం జారిపోతోందంటూ పైలట్ల చేతిలోని స్టిక్ గడగడా వణికింది. ఏది నిజమో తేల్చుకునేలోపే ఎత్తంతా కరిగిపోయింది.

ఆ విమానం అంతకుముందు దాదాపు మూడు వారాలు నేలమీదే ఉంది. గొట్టాలకు తొడుగులు లేవని దర్యాప్తు అధికారులు భావించారు. అక్కడ మట్టిగూడు కందిరీగలు మెండు. సాలీడును కుట్టి, కదలలేకుండా చేసి, దానిమీద గుడ్డు పెట్టి, ఇరుకు సందులో మట్టితో మూసేస్తాయి. మన గుమ్మాల మీదా ఇలాంటి గూళ్లు కనిపిస్తాయి. పురుగు చుట్టూ ఝుంకారం చేసి దాన్ని తనలా మార్చుకుంటుందని భ్రమరకీటక న్యాయం అల్లారు గానీ, నిజానికి లోపల జరిగేది భోజనం. ఆ పిటో గొట్టాలు సముద్రంలోంచి దొరకలేదు కాబట్టి కందిరీగ నేరం నేటికీ అనుమానమే. స్టిక్ వణుకును గుర్తించి వెంటనే తేరుకోలేదని దర్యాప్తు సిబ్బందినే తప్పుపట్టింది. నన్నడిగితే, తొడుగు వేయని చేతులకూ అందులో వాటా ఉంది.

2013లో బ్రిస్బేన్‌లో ఒక ఎయిర్‌బస్ ఏ330 వేగం మీటరు ఇలాగే మొరాయించింది. విమానం వెనక్కి వచ్చి క్షేమంగా దిగాక చూస్తే కెప్టెన్ వైపు గొట్టంలో కందిరీగ మట్టి. అంతకుముందు అది నేలమీద ఆగింది రెండు గంటలే.