కృత్రిమ కీలు ఎముకకు పట్టి నిలిచే విధానములు

తుంటి, మోకాలి కీళ్ల మార్పిడిపై చర్చ సాధారణంగా కీలు ధర వద్దనే ఆగిపోతున్నది. అది ఎముకకు ఏ విధంగా పట్టి నిలుస్తుందన్న విషయం మరుగున పడుతున్నది. పట్టు సడలిన కీలును తొలగించి మరల అమర్చుట మొదటి శస్త్రచికిత్స కన్న క్లిష్టమైనది, అధిక వ్యయంతో కూడుకున్నది.

ఎముక సిమెంటు వాడకానికి ప్రాచుర్యం కల్పించినవారు ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు సర్ జాన్ చార్న్‌లీ. 1962లో ఆయన రూపుదిద్దిన తుంటి కీలు నేటి కీళ్లకు మాతృక. పేరు సిమెంటే గాని, ఇది పాలీమిథైల్ మెథాక్రిలేట్ అనే ప్లాస్టిక్. కట్టుడు పళ్లకు వాడే అక్రిలిక్ కోవకు చెందినది. పొడిని, ద్రవాన్ని కలిపిన సుమారు 10 నుండి 15 నిమిషాలలో వేడిని వెలువరిస్తూ గట్టిపడుతుంది. ఇది జిగురు వలె అతికించదు. ఎముకలోని సూక్ష్మరంధ్రాలలోనికి చొచ్చుకొనిపోయి బిగింపునిస్తుంది. కనుకనే సిమెంటు నింపుటకు ముందు ఎముకను రక్తం, కొవ్వు లేకుండా కడుగుట అత్యంత ముఖ్యం. ఇందులో యాంటీబయాటిక్ మందును కలిపే సౌలభ్యం కూడా కలదు. అయితే సిమెంటును ఒత్తిడితో నింపునపుడు మజ్జలోని కొవ్వు రక్తంలో చేరి, అరుదుగా రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చును. వృద్ధుల విషయంలో మత్తు వైద్యులు ఆ క్షణంలో ప్రత్యేకంగా అప్రమత్తులై ఉంటారు.

రెండవ విధానంలో సిమెంటు ఉండదు. కీలు ఉపరితలం గరుకుగా, సూక్ష్మరంధ్రాలతో ఉంటుంది. కొన్నింటిపై ఎముకలోని ఖనిజాన్ని పోలిన హైడ్రాక్సీఅపటైట్ పూత ఉంటుంది. కీలును బిగుతుగా దిగగొట్టిన పిదప కొన్ని వారాలు, నెలలలో ఎముక ఆ రంధ్రాలలోనికి పెరుగుతుంది. తొలి దశలో కదలిక అధికమైనచో ఎముకకు బదులు నారకణజాలం ఏర్పడి పట్టు దొరకదు.

ఒకప్పుడు కీలు చుట్టూ ఎముక కరిగిపోవుటను ‘సిమెంటు వ్యాధి’ అన్నారు. సిమెంటు లేని కీళ్లలోనూ అదే కనిపించిన మీదట, అసలు కారణం అరిగిన పాలిథిలిన్ రేణువులని తేలినది. నింద మాత్రం సిమెంటుపై చాలాకాలం నిలిచింది.

ఎముక గట్టిగా ఉన్న మధ్యవయస్కుల తుంటికి సిమెంటు రహిత విధానం అనుకూలం. ఎముకలు గుల్లబారి తుంటి విరిగిన వృద్ధులకు సిమెంటే మేలు; లోహపు కాడ చుట్టూ ఎముక మరల విరిగే ప్రమాదం తక్కువ. మోకాలికి ప్రపంచవ్యాప్తంగా అధికభాగం సిమెంటునే వాడుతున్నారు. గిన్నెకు సిమెంటు లేకుండా, కాడకు సిమెంటుతో అమర్చే మిశ్రమ పద్ధతి కూడా ఉన్నది. కావున సిమెంటు రహితం కొత్తది గనుక అందరికీ శ్రేష్ఠమన్న ప్రచారం సరికాదు.

2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ మోకాలి కీళ్లకు గరిష్ఠ ధరలు నిర్ణయిస్తూ, కీలు ధరను, తయారీదారు పేరును, బ్యాచ్ నంబరును బిల్లులో విడిగా చూపాలని ఆసుపత్రులను ఆదేశించింది. ఏళ్ల తరువాత కీలు సడలినపుడు వైద్యునికి ముందుగా అవసరమయ్యేది ఆ కాగితమే.