విదేశాలకు వెళ్తున్నారా? మీ గేమింగ్ అకౌంట్‌కి కూడా ఒక దేశం ఉంటుంది!

మాస్టర్స్ కోసం హైదరాబాద్ నుంచి టొరంటో వచ్చేటప్పుడు పచ్చళ్ల కంటే నా గేమ్స్ గురించే ఎక్కువ ఆలోచించాను. ఆరేళ్లుగా డబ్బులు పెట్టి కొన్న లైబ్రరీ అది. అకౌంట్‌లోనే ఉంది కదా, ఎక్కడికైనా వస్తుందని చాలామంది అనుకుంటారు. కానీ ఆ అకౌంట్‌కి ఒక దేశం రాసి ఉంటుంది.

దీనికి ముఖ్య కారణం ధరలు. ఒకే గేమ్‌ని కంపెనీలు ఒక్కో దేశంలో ఒక్కో రేటుకి అమ్ముతాయి. స్టీమ్‌లో రూపాయి ధరలు 2015 నవంబర్‌లో వచ్చాయి. మా బ్యాచ్ పైరసీ వదిలి గేమ్స్ కొనడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. కెనడాలో కూర్చుని ఇండియా రేటుకి కొనేయకుండా ఆపడానికే ఈ తాళాలు. అది న్యాయమే. కానీ వీసా, కొత్త బ్యాంక్ కార్డు ఉండి నిజంగానే ఇల్లు మారినవాళ్లకి కూడా దారి లేకపోతే ఎలా?

స్టీమ్‌లో దారి ఉంది. కొత్త దేశానికి వెళ్లాక అక్కడి కార్డుతో ఏదైనా ఒకటి కొంటే స్టోర్ మారుతుంది, లైబ్రరీ అలాగే ఉంటుంది. మూడు నెలల్లో ఒక్కసారే మార్చొచ్చు. వీపీఎన్‌తో మాత్రం ప్రయత్నించకండి, అది రూల్స్‌కి విరుద్ధం. నింటెండోలోనూ దేశం మార్చుకోవచ్చు, ముందు ఈషాప్ బ్యాలెన్స్ ఖర్చు చేసేయాలి.

ప్లేస్టేషన్ దగ్గర కథ వేరు. ఒకసారి అకౌంట్ తెరిచాక దేశం మారదు. కొత్త దేశానికి కొత్త అకౌంట్ తెరవాల్సిందే, పాత గేమ్స్ అందులోకి రావు. అయితే పాత అకౌంట్‌ని డిలీట్ చేయొద్దు. పీఎస్5లో దానికి 'కన్సోల్ షేరింగ్' ఆన్ చేసి ఉంచితే, ఆ గేమ్స్‌ని కొత్త అకౌంట్‌తోనూ ఆడొచ్చు. డీఎల్‌సీ కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఇండియాలో కొన్న గేమ్‌కి కెనడా స్టోర్ డీఎల్‌సీ పనిచేయకపోవచ్చు.

ఫోన్‌లో గూగుల్ ప్లే దేశాన్ని ఏడాదికి ఒక్కసారే మార్చొచ్చు. పాత బ్యాలెన్స్ కొత్త దేశంలో పనిచేయదు, కాబట్టి బయల్దేరే ముందే ఖర్చు పెట్టేయండి. నేనైతే పాత అకౌంట్‌ని ఇండియాకే వదిలేసి, అదే ఫోన్‌లో కెనడాకి రెండోది పెట్టుకున్నాను. మన బ్యాంక్ యాప్స్ అప్‌డేట్లకి ఇబ్బంది ఉండదు.

ఇక స్క్వాడ్ సంగతి. 2020 సెప్టెంబర్‌లో పబ్జీ మొబైల్‌ని మన దేశంలో నిషేధించాక, 2021 జులైలో వచ్చిన బీజీఎంఐ ఇండియా కోసం చేసిన వేరే వెర్షన్. ఇక్కడివాళ్లు ఆడేది గ్లోబల్ పబ్జీ. వాలరెంట్‌లోనూ వేర్వేరు రీజియన్ల వాళ్లు కలిసి ఆడలేరు.

అందుకే మా గ్యాంగ్ చివరికి మైన్‌క్రాఫ్ట్‌కి మారింది. నాకు శనివారం రాత్రి, వాళ్లకి ఆదివారం ఉదయం. పింగ్ 230 దగ్గర ఉంటుంది. గోడలు కట్టడానికి పర్లేదు, క్రీపర్ వస్తే మాత్రం వాళ్లే చూసుకోవాలి.