మీకు తెలుసా? గంట ప్రయాణానికీ ఏడాది రుసుమే
స్విట్జర్లాండ్‌లో మోటార్‌వేల మీద, అంటే వేగ ప్రయాణానికి కేటాయించిన జాతీయ రహదారుల మీద, కారులో ఒక్క గంట ప్రయాణించినా ఏడాది మొత్తానికి వర్తించే 40 ఫ్రాంకుల రుసుము చెల్లించవలసిందే. పొరుగున ఉన్న ఆస్ట్రియాలో దొరికే ఒక రోజు, పది రోజుల అనుమతులు ఇక్కడ లేవు.

‘విన్యెట్’ అనే ఈ అనుమతి ధర 1995 నుంచి మారలేదు. అది ముందటి ఏడాది డిసెంబరు 1న మొదలై తరువాతి ఏడాది జనవరి 31 వరకు, మొత్తం 14 నెలలు, చెల్లుతుంది కనుక క్రిస్మస్ సెలవులలో బయలుదేరి కొత్త సంవత్సరంలో తిరిగివచ్చే కుటుంబానికి ఒక్కటే సరిపోతుంది. అది లేకుండా పట్టుబడితే 200 ఫ్రాంకుల జరిమానాతో పాటు దాని ధరనూ కట్టాలి.

2023 ఆగస్టు నుంచి అద్దానికి అంటించే స్టిక్కరుకు తోడు, వాహనం నంబరుతో ముడిపడిన ఎలక్ట్రానిక్ విన్యెట్ కూడా లభిస్తున్నది. జర్మనీలోనో ఇటలీలోనో కారు అద్దెకు తీసుకునేవారికి నంబరు ముందుగా తెలియదు కాబట్టి, తాళాలు చేతికి అందిన తరువాతే దానిని కొనుక్కోవడం ఉత్తమం.

దాదాపు 17 కిలోమీటర్ల గోటార్డ్ రోడ్డు సొరంగం ఈ రుసుములోనే కలిసి ఉంటుంది. ఇటలీకి దారితీసే గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ సొరంగానికి మాత్రం టోల్ వేరు.